పద్నాలుగు మెట్ల కేబిన్

మా బావని రైల్వే క్వార్టర్లలో అందరూ ‘మిల్లీమీటరు’ అనేవాళ్లు. చొక్కా జేబులో కలం ఉన్నా లేకపోయినా ఆరంగుళాల స్టీలు స్కేలు మాత్రం ఉండి తీరాలి. గోడ మీద క్యాలెండరు కాస్త పక్కకి ఒరిగినా ఆయనకి ముద్ద దిగేది కాదు. నేను వడ్రంగిని, కొలత లేకపోతే నాకూ పూట గడవదు. అయినా బావమరిదిని కదా, ఊరుకుంటానా. మా అక్కని ఎత్తూ పొడుగూ కొలిచాకే చేసుకున్నావా అని అడిగేవాణ్ణి. కొలవకపోబట్టే నీలాంటి బావమరిది తగులుకున్నాడు అనేవాడు. అదంతా ఒకప్పటి మాట. తర్వాత్తర్వాత నేను ఎన్ని విసిరినా ఆయన తిరిగి విసరడం మానేశాడు.

ఆయన పోయి ఏడాది దాటింది. పోయినవాళ్లందరినీ దేవుళ్లని చేసి చెప్పుకోవడం లోకానికి అలవాటు. నాకు లేదు. మా బావ మంచివాడే, కానీ ఒక పని చేశాడు. అందులో నాకూ వాటా ఉంది. తిలాపాపం తలా పిడికెడు అంటారు, నా పిడికెడు సంగతి కూడా చెప్తాను.

ముప్ఫై నాలుగేళ్లు రైల్వేలో చేశాడు, అందులో సగం సిగ్నల్ కేబిన్‌లో. కేబిన్ అంటే పట్టాల పక్కన మెట్లెక్కి వెళ్లే గది. లోపల వరసగా నడుమెత్తు ఇనప లివర్లు ఉంటాయి. ఒకటి లాగితే ఎక్కడో దూరాన సిగ్నల్ రెక్క వాలుతుంది. ఆ గదిలో ఆయన లివర్ల పిడులని గుడ్డతో తుడిచి తుడిచి అద్దంలా చేశాడని, రిజిస్టర్లో రాసే అంకెలు ముత్యాల్లా ఉండేవని ఆఫీసర్లు కూడా చెప్పుకునేవాళ్లు. ఆ ముత్యాల గురించి తర్వాత చెప్తాను.

రిటైరైన వారానికే నా షాపుకి వచ్చి బల్ల కావాలన్నాడు. తొమ్మిదడుగుల పొడుగు, మూడడుగుల వెడల్పు, రెండు ముక్కలుగా చేసి మధ్యలో బోల్టులు వెయ్యాలి, పైన ప్లైవుడ్డు, ఎక్కడా వెంట్రుకవాసి ఎగుడుదిగుడు ఉండకూడదు. ఎందుకని అడిగితే, దాని మీద తను పనిచేసిన స్టేషను బొమ్మ కడతానన్నాడు. ముప్ఫై నాలుగేళ్లు చూసింది చాల్లేదా బావా అన్నాను. చాల్లేదు అన్నాడు.

బల్ల ముందుగదిలో వేశాం. అక్క కుట్టుమిషను వరండాలోకి పోయింది. రైలు దిగి ఇంటికొచ్చాడనుకుంటే రైలునే ఇంట్లోకి తెచ్చాడు, ఇక నన్ను ప్లాట్‌ఫారం మీద పడుకోమంటాడు కాబోలు అని అక్క నా దగ్గర సణిగింది. ఆయన ముందు అనలేదు. ఆ ఇంట్లో చాలా మాటలు అలాగే వరండా దాటి లోపలికి వెళ్లేవి కావు.

మూడేళ్లు పట్టింది. అన్నీ అసలు దానిలో ఎనభై ఏడో వంతు. ఆ లెక్కన ఆరడుగుల మనిషి నా చిటికెన వేలి పై కణుపంత ఉంటాడు. పట్టాలూ వ్యాగన్లూ పోస్టులో తెప్పించాడు. మిగతాదంతా చేత్తో చేసిందే. పట్టాలతో వాటి కింద అడ్డంగా వేసే ప్లాస్టిక్ చెక్కలు వస్తే నచ్చక, నేనిచ్చిన టేకు పొరని బ్లేడుతో కోసి వెయ్యికి పైగా చెక్కలు తయారుచేశాడు. ఒక్కో చెక్కకీ పగుళ్లు గీశాడు. కంకర కోసం రాతి దుమ్ముని టీ వడకట్టే జల్లెడలో మూడుసార్లు జల్లించి, చెంచా కొసతో పోసి, కుంచెతో సర్ది, నీళ్లు కలిపిన జిగురు ఇంకు ఫిల్లరుతో చుక్కచుక్కగా వదిలేవాడు. జానెడు మేర కంకర వెయ్యడానికి రెండు రోజులు. నా షాపులో రంపపు పొట్టు ఆకుపచ్చ రంగులో నాని, ఎండి, ఆయన స్టేషన్లో గడ్డి అయింది. ఇటుక పొడీ టీ డికాక్షనూ కలిపి వ్యాగన్ల అడుగున పూస్తే అచ్చం తుప్పే. మాత్రల అట్టల వెండి రేకుని పెన్సిలు మీద నొక్కి రైలు గేటు దగ్గరి గదికి రేకుల కప్పు వేశాడు. పాత ఫ్యాను మోటారులోని తీగ విప్పి కేబిన్‌ నుంచి గేటు దాకా టెలిఫోన్ తీగ లాగాడు. మెచ్చుకోకుండా ఉండలేని పని అది. నేను నోటితో మెచ్చుకోను, చూస్తూ నిలబడతాను. అది ఆయనకి తెలుసు.

పెళ్లికాక ముందు నుంచీ నేను ఒక కాంట్రాక్టరు కింద అసలు స్టేషన్లో చెక్కపని చేసేవాణ్ణి. అందుకని కొలతలన్నీ నన్నే అడిగేవాడు. బెంచీ వీపు ఎంత ఎత్తు, టికెట్ కిటికీ చట్రం ఎంత మందం, గోదాము తలుపుకి ఎన్ని పలకలు. వడ్రంగి చేసిన పని వాడి తల మర్చిపోయినా చెయ్యి మర్చిపోదు. అడిగిందల్లా చెప్పాను. ఒక్క కొలత మాత్రం ఆయన అడగలేదు. అడగలేదన్న సంగతి చాలా కాలం నాకు తట్టనే లేదు.

ఇంకో రెండు విషయాలు మాత్రం తట్టాయి. స్టేషన్ గడియారంలో ముళ్లు ఎనిమిది గంటల ఎనిమిది నిమిషాలు చూపించేలా గీశాడు. గేటు తెరిచి ఉంచాడు. బండి నడపవేం బావా అంటే, నడపక్కర్లేదన్నాడు. మొత్తం స్టేషన్లో ఒకే ఒక్క మనిషి బొమ్మ. గేటు పక్కన, ఖాకీ చొక్కాతో. దానికి ముఖం మీద రంగు వెయ్యలేదు.

అది ఏ పొద్దో నాకు అప్పుడు అర్థమైంది. ఆ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదని కూడా తెలుసు. కుక్కిన పేనులా ఊరుకున్నాను.

అప్పటికి ఇరవై ఏళ్ల కిందటి సంగతి. స్టేషన్‌కి రెండొందల గజాల అవతల లెవెల్ క్రాసింగు ఉండేది. కేబిన్ పట్టాలకి ఇటువైపు, గేటు గది అటువైపు. బండి వచ్చే ముందు కేబిన్ నుంచి గేటుకి ఫోన్ చెయ్యాలి. గేట్‌మన్ గేటు మూసి, తన దగ్గరున్న అచ్చు కాగితంలోంచి ఒక నంబరు చెప్పాలి. ఆ నంబరు రిజిస్టర్లో రాసుకున్నాకే కేబిన్‌లో సిగ్నల్ లివరు లాగాలి. నంబరు ఉందంటే గేటు మూసినట్టు లెక్క. అది రూలు.

ఆ రోజు పొద్దున ఎనిమిదీ పది ప్యాసింజరు వచ్చేసరికి గేటు తెరిచే ఉంది. మిల్లుకి పనివాళ్లని తీసుకెళ్లే వ్యాను పట్టాల మీదికొచ్చింది. నలుగురు ఆడవాళ్లు పోయారు. విచారణలో మా బావ ఫోన్ చేశానన్నాడు. రిజిస్టర్లో నంబరు ఉంది, గేటు కాగితంలో నంబరుతో సరిపోయింది. గేట్‌మన్ చెప్పింది వేరు. ఫోన్ ఎప్పుడూ పనిచెయ్యదు, అందుకని డ్యూటీ ఎక్కేటప్పుడే ఆ పూట నంబర్లన్నీ కేబిన్‌కి ఇచ్చేస్తాను, బండి వచ్చేముందు కేబిన్ కిటికీలోంచి జెండా ఊపుతారు, నేను గేటు మూసి తిరిగి జెండా ఊపుతాను, ఆ రోజు కేబిన్ ముందు సిమెంటు వ్యాగన్లు నిలబెట్టారు, కిటికీ కనపడలేదు, జెండా కనపడలేదు. ఇదీ ఆయన చెప్పింది. నంబర్లు ముందే ఎవరైనా ఇస్తారా అని పెద్దలు నవ్వారట. ముత్యాల్లాంటి అక్షరాలున్న రిజిస్టరుని కాదని, అంకెలు తప్ప చదువురాని గేట్‌మన్ మాట ఎవరు వింటారు. ఉద్యోగం పోయింది, కొన్నాళ్లు జైల్లో ఉన్నాడు. తర్వాత మిల్లు గోదాముకి కాపలా ఉండి, నాలుగేళ్లకి ఊపిరితిత్తులు చెడి పోయాడు. కేబిన్‌ని ప్రమాదం జరిగి ఏడాది తిరక్కముందే కూలగొట్టి, స్టేషన్ లోపల బటన్ల బల్ల పెట్టారు.

నేను మా బావనే నమ్మాను. స్కేలు లేకుండా చొక్కా వేసుకోని మనిషి అబద్ధం ఆడతాడని ఎలా అనుకుంటాను?

స్టేషను పూర్తయ్యాక ఆ నోటా ఈ నోటా పాకింది. రైల్వే వాళ్ల క్లబ్బు నుంచి ఇద్దరు వచ్చి, మా హాల్లో పెట్టుకుంటాం ఇమ్మన్నారు. ఫోటోలు తీశారు. అందులో ఒకటి పేపర్లో వచ్చింది, ‘అణువణువూ కొలత తప్పని స్టేషన్’ అని. మా అక్క ఆ ముక్క కత్తిరించింది కానీ ఎక్కడా అతికించలేదు.

ఆ పేపరు చూసి, ఓ ఆదివారం మధ్యాహ్నం గేట్‌మన్ భార్య వచ్చింది. ఆవిడ ఆస్పత్రిలో ఆయా. ఒకప్పుడు రెండు కుటుంబాలూ ఒకటిగా ఉండేవి. మా బావని అన్నయ్యా అనీ, మా అక్కని వదినా అనీ పిలిచేది. ప్రమాదం తర్వాత ఆ గుమ్మం తొక్కడం అదే మొదలు. నేను బల్ల కాలికి సపోర్టు కొడుతూ కింద కూర్చుని ఉన్నాను. ఆవిడ మమ్మల్ని చూసి పలకరింపుగా ఒక నవ్వు నవ్వి, చెప్పులు విడిచి, సరాసరి బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. మా అక్క మంచినీళ్లు తెచ్చింది. గ్లాసు చేతిలోనే పట్టుకుని చాలాసేపు చూసింది.

తర్వాత గ్లాసు కిటికీలో పెట్టి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగింది. గేటు పక్క బొమ్మ వెనక కన్ను పెట్టి కేబిన్ వైపు చూసింది. ఎందుకు చూస్తోందో గదిలో నలుగురికీ తెలుసు. ఆమె మొగుడు చచ్చేదాకా చెప్పిన మాట నిజమో కాదో ఆ బల్ల మీద ఉంది.

కాసేపటికి లేచింది. అన్నయ్యా, ఇదంతా కొలత ప్రకారమేనా అని అడిగింది.

“అవునమ్మా,” అన్నాడు మా బావ.

“వ్యాగన్ల పైనుంచి కిటికీ కనపడుతోంది,” అంది. ఎవరితోనో కాదు, తనలో తను అన్నట్టు. “మా ఆయన కనపడలేదన్నాడే.”

నేను నమ్మలేక, లేచి నేనూ వంగి చూశాను. నిజమే, వ్యాగన్ కప్పు మీదుగా కిటికీ గీతలా కనపడుతోంది. అయ్యో పాపం, ఆ గేట్‌మన్ అబద్ధమే ఆడాడా అనుకుంటూ కేబిన్ దగ్గరికి మొహం పెట్టాను. పనివాడి కన్ను పనిమీదే పడుతుంది. మెట్లు ఎంత బాగా చేశాడో అని చూస్తూ, ఊరికే, అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. పదహారు.

మళ్లీ లెక్కపెట్టాను. పదహారే.

ప్రమాదానికి ముందు ఏడాది, ఆ కేబిన్ మెట్లు చెద తింటే కొత్తవి వేసింది నేను. ఈ చేతులతో. పద్నాలుగు పలకలు కోశాను, ఒక్కోటి ఏడంగుళాల ఎత్తున బిగించాను. పదిహేనోది అదనంగా కోసి, మిగిలితే ఇంటికి తెచ్చుకుని పీట చేసుకున్నాను. ఆ పీట ఇప్పటికీ నా షాపులో ఉంది, దాని మీదే కూర్చుని టీ తాగుతాను. మా బావ స్టేషన్లో ప్రతి మేకూ నన్నడిగి, మెట్లు మాత్రం ఎందుకు అడగలేదో అప్పుడు తెలిసింది. రెండు మెట్లు ఎక్కువ. బల్ల మీద అది నాలుగు మిల్లీమీటర్లు. ఆ నాలుగు మిల్లీమీటర్లలోంచే కిటికీ కనపడుతోంది.

తలెత్తి మా బావని చూశాను. ఆయన నన్ను చూడలేదు, స్కేలు జేబులోంచి తీసి మళ్లీ పెట్టుకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవడం అంటే అదే. మా అక్క మాత్రం నన్నే చూస్తోంది. నోరు విప్పొద్దనే ఆ చూపు, వేరే చెప్పక్కర్లేదు, ఒక తల్లి కడుపున పుట్టినవాళ్లం. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అక్కే వెక్కిరిస్తుంది. ఆ రోజు నానింది. గేట్‌మన్ భార్య చెప్పులు వేసుకుని, వస్తాను వదినా, వస్తాను తమ్ముడూ అని అందరికీ చెప్పి వెళ్లిపోయింది.

నేనూ పనిముట్లు సర్దుకుని వచ్చేశాను. రోజుకో సాకు చెప్పుకున్నాను. ముసలివాళ్లయ్యారు, ఇప్పుడెందుకు. పోయినవాడు తిరిగొస్తాడా. అక్క ముఖం ఎలా చూడను. మింగలేకా కక్కలేకా నలభై రోజులు గడిపాను.

నలభై అని ఎలా తెలుసంటే, లెక్క నాది కాదు, ఆవిడది. ఆస్పత్రిలో ఒక వార్డు తలుపు కుంగిపోతే బాగుచెయ్యడానికి వెళ్లాను. ఆవిడ దుప్పట్లు మడతపెడుతోంది. మనిషి సగమైంది. ఒంట్లో బాలేదా అక్కా అని అడిగాను. బాగానే ఉంది అంది. దుప్పటి పక్కన పెట్టి తనే చెప్పింది. రోజూ డ్యూటీకి వెళ్లేముందు ఆయన ఫోటోకి ఒక మాట చెప్పి వెళ్లేదట, ఇవాళ ఫలానా పని ఉంది, ఆలస్యమవుతుంది అని, మనిషికి చెప్పినట్టే. ఆ ఆదివారం ఇంటికెళ్లి ఫోటోని గోడకి తిప్పి పెట్టిందట.

“నలభై రోజులైంది తమ్ముడూ, ఆయనతో మాట్లాడి,” అంది. “నలుగురు ఆడకూతుళ్లని చంపి నాకు కూడా అబద్ధం చెప్పాడు కదా.”

తలుపు సగం బిగించి ఆపేశాను. సరాసరి బావ దగ్గరికి వెళ్లాను. ఆయన చిన్న కుంచెతో ప్లాట్‌ఫారం దుమ్ము దులుపుతున్నాడు. పద్నాలుగు బావా అన్నాను.

కుంచె కింద పెట్టాడు. లోపలికి వెళ్లి బిస్కట్ల డబ్బా తెచ్చాడు. అందులో మెత్తటి గుడ్డలో చుట్టిన ఇంకో కేబిన్ ఉంది. కిటికీలు, లివర్లు, గుడ్డతో తుడిచినట్టు మెరిసే పిడులు, అన్నీ. మెట్లు పద్నాలుగు.

“మొదట ఇదే చేశా. పెట్టి చూశా, గేటు దగ్గర్నుంచి కిటికీ కనపళ్లేదు. కిటికీ దగ్గర్నుంచి గేటూ కనపళ్లేదు,” అన్నాడు. “వాడు జెండా ఊపడం నేను చూశాననే అనుకుంటూ వచ్చా. ఇరవై ఏళ్లు అదే అనుకున్నా. అది చూడ్డానికే ఇదంతా కట్టా. వాడి జెండా రోజూ చూసేవాణ్ణి కదా, ముందురోజు చూసింది ఆ రోజు చూసినట్టు గుర్తుండిపోయింది. చూడకుండానే నంబరు రాశా. చూడకుండానే లివరు లాగా.”

ఫోన్ సంగతేమిటని అడిగాను. చెయ్యలేదన్నాడు. నంబర్లు పొద్దున్నే ఇచ్చుకోవడం ఇద్దరూ కలిసి పెట్టుకున్న పద్ధతేనన్నాడు. గేట్‌మన్ చెప్పిన ప్రతి అక్షరం నిజమేనన్నాడు. విచారణలో ఉద్యోగం కోసం అబద్ధం చెప్పాడట, తర్వాత చెప్పిన అబద్ధాన్ని బతికించుకోవడం కోసం బతికాడట. బొమ్మలో నిజం తేలాక రెండు రోజులు ముద్ద ముట్టలేదట. మూడోరోజు, కేబిన్ కూలగొట్టేశారు కదా, మెట్లు పదహారే ఉన్నాయేమో, నేనే మర్చిపోయానేమో అనుకుని, అలా అనుకోవడం కోసమే రెండోది చేశాడట. ఆవిడ వస్తుందని కలలో కూడా అనుకోలేదట.

నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దాయన అని కూడా చూడకుండా నోటికొచ్చినట్టు తిట్టాను. మరి ఈ మొదటిది ఎందుకు దాచావు, తగలబెట్టెయ్యలేకపోయావా అన్నాను.

“సరైన కొలతకి చేసింది పారెయ్యలేకపోయా,” అన్నాడు.

నేనూ పారెయ్యలేను.

మా అక్క గుమ్మంలో నిలబడి అంతా విన్నట్టుంది. కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బల్ల కిందికి వంగి మధ్య బోల్టుల నట్లు విప్పడం మొదలుపెట్టింది. వెళ్లండి, ఆవిడ ఎదురుపడితే ఇరవై ఏళ్లుగా పక్క సందులోకి తిరిగిపోతున్నా, ఇంక నావల్ల కాదు అంది. అంటే మా అక్కకీ తెలుసు. ఎంత తెలుసో, ఎప్పటినుంచి తెలుసో నేను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

బల్ల కాళ్లు ఊడదీసి, రెండు ముక్కల్నీ నా తోపుడుబండి మీద పెట్టి తీసుకెళ్లాం. ఆవిడ డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టుంది, ఇంకా ఆస్పత్రి కోటు విప్పలేదు. పెరట్లో రెండు స్టూళ్లూ ఒక ట్రంకుపెట్టే సర్ది వాటి మీద బల్ల నిలబెట్టాం. అడుగున చెక్క పెచ్చులు పెట్టి మట్టం నేను చూశాను. దారిలో ఒక వ్యాగన్ పక్కకి ఒరిగితే బావ సరిచేశాడు. తర్వాత పదహారు మెట్ల కేబిన్ పీకేసి డబ్బాలో పడేశాడు. పద్నాలుగు మెట్లది పెడుతుంటే మూడుసార్లు జారింది. నేను సాయం పట్టలేదు.

ఇప్పుడు చూడమ్మా అన్నాడు.

ఆవిడ వంగి చూసింది. అటు జరిగి చూసింది, ఇటు జరిగి చూసింది. ఒక చేత్తో కన్ను మూసుకుని చూసింది. వ్యాగన్ల గోడ తప్ప ఏమీ లేదని నాకు తెలుసు.

“కనపడట్లేదు,” అంది.

మా బావ నిలబడే మొత్తం చెప్పాడు. ఫోన్, నంబర్లు, రిజిస్టరు, రెండు మెట్లు. దేన్నీ తగ్గించలేదు, దేనికీ సాకు చెప్పలేదు. కొలత తప్పకుండా చెప్పాడు. ఆవిడ ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండునని నాకనిపించింది. ఇంట్లోకి వెళ్లింది. తలుపు తెరిచే ఉంది కాబట్టి మాకు కనపడుతోంది. గోడకి తిప్పి ఉన్న ఫోటోని ఇటు తిప్పింది, కొంగుతో అద్దం తుడిచింది, దాని ముందు కాసేపు నిలబడింది. పెదాలు కదల్లేదు. మళ్లీ బయటికొచ్చింది.

“ఆయన ఉండగా నాలుగేళ్లు, పోయాక పదహారేళ్లు నమ్మా. లోకమంతా కాదన్నా నమ్మా. నువ్వు కాదన్నా నమ్మా. ఈ నలభై రోజులే నమ్మలేదు,” అంది. “ఆ నలభై రోజులు ఎవరిస్తారన్నయ్యా?”

అప్పుడు కూడా ఆవిడ అన్నయ్యా అనే పిలిచింది, అది నాకు ఇవాళ్టికీ భరించలేనట్టు ఉంటుంది. ఆఫీసుకి అంతా రాసిస్తానమ్మా అన్నాడు మా బావ. రాసుకో, ఆ కేబిన్ మాత్రం ఇక్కడ పెట్టి వెళ్లు అంది.

రాశాడు. నాలుగు పేజీలు, అవే ముత్యాలు. ఆఫీసులో గుమాస్తా అంత పాత ఫైళ్లు ఎప్పుడో తీసేశామన్నాడు, అయినా ముద్ర కొట్టి తీసుకున్నాడు. జవాబు రాలేదు. ఆ ఉత్తరం నకలు ఆవిడకి నేనే ఇచ్చి వచ్చాను. క్లబ్బువాళ్లు కేబిన్ లేని స్టేషన్ మాకొద్దన్నారు. బావ మళ్లీ ఆ ముందుగదిలో కుంచె పట్టలేదు. జేబులో స్కేలు కూడా మానేశాడు. రెండేళ్లు అలా కూర్చుని కూర్చుని ఒక పొద్దున పోయాడు. ఆవిడకి నేనే వెళ్లి చెప్పాను. అలాగా తమ్ముడూ అంది, చేతిలో దుప్పటి మడత పూర్తిచేసింది, ఇంకోటి తీసుకుంది. చూడ్డానికి రాలేదు.

బల్ల ఇంకా అక్క ఇంట్లోనే ఉంది. కుట్టుమిషను వరండాలోనే ఉంది. కేబిన్ ఉండాల్సిన చోట బొటనవేలంత ఖాళీ, చుట్టూ కంకర. వెళ్లినప్పుడల్లా నా చూపు అక్కడే పడుతుంది. బావ చేసింది బావ ఒప్పుకున్నాడు, రాసిచ్చాడు, దానికింద సంతకం కూడా పెట్టాడు. కానీ ఆ ఆదివారం ఆవిడ చెప్పులు వేసుకునేలోపు నేను ఒక్క మాట, పద్నాలుగు అని ఒక్క మాట అని ఉంటే, ఆ ఫోటో ఒక్క పూట కూడా గోడకి తిరిగేది కాదు. ఆ ఇరవై ఏళ్లు మా బావవి. ఆ నలభై రోజులు నావి.